మోకాలి లోతున చెంబు ఉందట, ఏ మెటల్ డిటెక్టర్ కొనమంటారు?

పేరు రాయవద్దంటూ హైదరాబాద్ పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆయనకు 43 ఏళ్ళు, ఉప్పల్‌లో ఉద్యోగం. పాతబస్తీలో గౌలిపురా వైపు తాతగారి ఇల్లుంది. మట్టి గోడలు, షాబాదు బండల నేల, వెనుక చిన్న పెరడు. నాన్నగారు, ఇద్దరు బాబాయిలు కలిసి దాన్ని బిల్డర్‌కు ఇస్తున్నారు. రెండు నెలల్లో పడగొడతారు. 1948లో రజాకార్ల గొడవలప్పుడు తాతగారు ఒక ఇత్తడి చెంబు నిండా హాలి సిక్కాలు, అంటే నిజాం నాటి వెండి రూపాయలు పోసి "పొయ్యి వెనుక, మోకాలి లోతున" పూడ్చారని నాయనమ్మ చెబుతుండేదట. 1998లో పోయే ముందు కూడా అదే మాట అన్నదట. ఆ తర్వాత వంటిల్లు చోటు మారింది. వీధి ఎత్తు పెరిగిన ప్రతిసారీ ఇంటి నేలనూ ఎత్తించారు, అలా రెండుసార్లు.

ఈమధ్య చిన్నబాబాయి ఒక స్వామిని ఇంటికి తీసుకొచ్చారు. ఆ స్వామి వెంట వచ్చిన మనిషి చేతిలో యాంటెన్నా ఉన్న పిడి లాంటి యంత్రం ఉంది. అది అర కిలోమీటరు దూరం నుంచే బంగారాన్నీ వెండినీ పసిగట్టి దానంతట అదే అటు తిరుగుతుందట. పూజకూ యంత్రానికీ కలిపి లక్షన్నర అడ్వాన్సు అడిగారు. మన పాఠకుడికి ఆ మనుషుల మీద నమ్మకం లేదు, నాయనమ్మ మాట మీద ఉంది. చేతిలో 60 వేలున్నాయి. మంచి మెటల్ డిటెక్టర్ ఏది, దాన్ని ఎలా సెట్ చేసుకోవాలి, బాబాయిలకు తెలియకుండా ఒక రాత్రి చూసుకుంటే తప్పా, దొరికితే ప్రభుత్వం పట్టుకుపోతుందా అన్నవి ఆయన ప్రశ్నలు. యంత్రం కొంటే తర్వాత గోల్కొండ చుట్టుపక్కల కూడా తిరుగుదామని బావమరిది అంటున్నాడట. భార్యకు మాత్రం ఇదంతా ఇష్టం లేదు. 84 ఏళ్ళ మేనత్త గురించి ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది: "1958లో పెళ్ళయి వెళ్ళిపోయింది, ఇప్పుడు అల్వాల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, ఆమెకు ఈ ఇంటితో సంబంధం లేదు."

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పదిహేనేళ్ళుగా నేను ఈ యంత్రం పట్టుకుని తిరుగుతున్నాను. ఎక్కువగా పొలాల్లో, ఫంక్షన్ హాళ్ళ పచ్చికలో పోయిన ఉంగరాలు, గొలుసులు వెతికిపెట్టడానికి. అందుకే ముందు తొందరగా చెప్పవలసినది చెబుతాను. ఆ లక్షన్నర ఇవ్వకండి. మీ బాబాయినీ ఇవ్వనీయకండి.

చేతిలో పట్టుకుంటే దూరాన ఉన్న వెండి వైపు తిరిగే యంత్రం లోకంలో లేదు. పిడి మీద తేలికగా తిరిగే పుల్ల, పట్టుకున్న మణికట్టు రవ్వంత వాలినా అటు తిరుగుతుంది. ఇలాంటిదే ఏడీఈ 651 అనే పరికరాన్ని బ్రిటన్‌కు చెందిన జేమ్స్ మెక్‌కార్మిక్ బాంబులు కనిపెట్టే యంత్రమని చెప్పి ఇరాక్‌కు అమ్మాడు. లోపల పనిచేసే భాగమేదీ లేదు. 2013లో అతనికి పదేళ్ళ జైలు పడింది. మీ బాబాయితో వాదన పెట్టుకోకండి, ఒక పరీక్ష పెట్టమనండి. ఒకేలాంటి పది బకెట్లు బోర్లించి, ఒకదాని కింద వెండి గ్లాసు పెట్టాలి. ఎక్కడ పెట్టారో తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉండకూడదు. అర కిలోమీటరు నుంచి పసిగట్టే యంత్రానికి పదడుగుల దూరం లెక్కలోది కాదు కదా. అయిదుసార్లు ఆడించండి. పరీక్షకు ఒప్పుకోకుండా ముహూర్తం మాట ఎత్తితే మీ బాబాయికే విషయం అర్థమవుతుంది. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా బయటపడే దారి కూడా ఇదే.

ఇప్పుడు అసలు డిటెక్టర్ సంగతి. దాని పళ్ళెంలో ఉన్న తీగచుట్ట భూమిలోకి మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. లోహం తగిలితే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి ప్రతిధ్వనిని పళ్ళెం తిరిగి వింటుంది. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బలం దూరంతో పాటు ఎంత వేగంగా పడిపోతుందంటే, చిన్న వస్తువు లోతు రెట్టింపయితే దాని సంకేతం సుమారు 64వ వంతుకు దిగిపోతుంది. అందుకే మంచి యంత్రమైనా ఒక్క రూపాయి బిళ్ళను ఏడెనిమిది అంగుళాల దాకా వినగలదు. చెంబంత వస్తువైతే, నేల అనుకూలిస్తే, అడుగున్నర, మహా అయితే రెండడుగులు. "పది మీటర్ల లోతు" అని పెట్టె మీద రాసినది ఏదైనా సరే అక్కడే వదిలేయండి.

మీ ఇంటికి ఈ లెక్క వేసి చూడండి. మోకాలి లోతంటే సుమారు అడుగున్నర. దానిమీద రెండుసార్లు ఎత్తించిన నేల, ఎంత తక్కువనుకున్నా ఇంకో అడుగు. అంటే ఇప్పుడున్న షాబాదు బండల మీద నిలబడి 60 వేల యంత్రంతో చూసినా చెంబు వినపడకపోవచ్చు. వినపడలేదు కాబట్టి లేదనుకుని మీరు తిరిగి వచ్చేస్తారు. రాత్రిపూట రహస్యంగా చూడడంలో నాకు కనిపించే మొదటి చిక్కు ఇదే, ధర్మాధర్మాల మాట తర్వాత. బండలు లేపాలి, అడుగు మట్టి తీయాలి, మళ్ళీ యంత్రం తిప్పాలి, ఇంకో అడుగు తీయాలి, మళ్ళీ తిప్పాలి. లోతుగా ఉన్నదాన్ని వెతికే పద్ధతి అది. ఆ పని చడీచప్పుడు లేకుండా జరగదు. వీధిలో నలుగురూ చూస్తారు. పాత ఇంట్లో రాత్రి తవ్వకం అనగానే గుప్తనిధుల కేసు అనుకుని ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు. మట్టి గోడ పునాది పక్కన గొయ్యి తీస్తే గోడ మీద పడే ప్రమాదం కూడా ఉంది. గోడకు రెండడుగుల లోపు పార పెట్టకండి.

యంత్రం కొనాలనే ఉంటే ఏం చూసుకోవాలో చెబుతాను. మీరు వెతికేది వెండి నిండిన ఇత్తడి చెంబు. రెండూ విద్యుత్తును బాగా ప్రవహింపజేసే లోహాలే. కాబట్టి సన్నని బంగారు రేణువుల కోసం చేసిన 40 కిలోహెర్ట్జ్ పైబడిన యంత్రాలు మీకు అనవసరం. 6 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేసేది చాలు. పల్స్ ఇండక్షన్ రకం లోతుకు పోతుంది కానీ ఇనుముకూ వెండికీ తేడా సరిగా చెప్పదు. మేకులు, గొళ్ళేలు, తుప్పు రేకులు నిండిన పాత ఇంట్లో అది మీ చేత ప్రతి మేకునూ తవ్విస్తుంది. ముఖ్యంగా కావలసినది గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఇనుప ఖనిజం రొదను యంత్రం పక్కకు పెట్టేలా సర్దుకునే సౌకర్యం. మన హైదరాబాద్ నేల గ్రానైట్ రాయి చివికి వచ్చిన ఎర్రమట్టి, ఇనుము పాలు ఎక్కువ. గారెట్ ఏస్ 300 తేలికైన యంత్రం, 8 కిలోహెర్ట్జ్, వాడకం సులువు. కానీ దాని గ్రౌండ్ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలో పెట్టిందే, మనం మార్చలేం. అదే కంపెనీ ఏటీ ప్రో 15 కిలోహెర్ట్జ్‌ది. నోక్టా సింప్లెక్స్ 12 కిలోహెర్ట్జ్‌ది. ఈ రెండింటిలోనూ నేలకు తగ్గట్టు సర్దుకోవచ్చు. మీ చోట నేనైతే ఇలా సర్దుకునే రకానికే వెళతాను. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ లాంటివి ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపుతాయి. మంచివే, కానీ ఒక్క పెరడు కోసం అంత ఖర్చు నాకు సబబనిపించదు. పళ్ళెం డబుల్ డి రకం తీసుకోండి, ఖనిజం ఉన్న నేలలో అది నిలకడగా ఉంటుంది. గొయ్యిలో చేత్తో పెట్టి చూసే పిన్‌పాయింటర్ కూడా కావాలి. పేరున్న కంపెనీల నకిలీలు బజార్లో చాలా ఉన్నాయి. బిల్లు, సీరియల్ నంబరు, వారంటీ లేనిది తక్కువకు వచ్చినా వద్దు.

కొనడం ఒక్కటే దారి కాదు. అలవాటున్న వాళ్ళను ఒక పూట పిలిపించి కూలి ఇవ్వడం ఇంకో దారి. అందులో ఖర్చు తక్కువ, అనుభవం కూడా వాళ్ళదే. కానీ బయటి మనిషి చూస్తాడు, మాట బయటికి పోతుంది, దొరికినదాన్ని ఎవరు "కనుగొన్నారు" అన్న ప్రశ్న వస్తుంది. ఎందుకో చట్టం దగ్గర చెబుతాను. మూడో దారి, ఏమీ చేయకుండా పడగొట్టే రోజు నిలబడి చూడడం. దొరికితే జేసీబీ పళ్ళకు దొరుకుతుంది, చెంబు చితికి సిక్కాలు మట్టిలో చెల్లాచెదురవుతాయి. మట్టి లారీ ఎక్కాక ఎవరి చేతికి ఏది చిక్కిందో మీకు తెలియదు.

యంత్రం తెచ్చుకుంటే తిన్నగా ఆ ఇంటికి తీసుకెళ్ళకండి. ముందు తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో అలాంటి ఇత్తడి చెంబే ఒకటి పూడ్చి వినండి. అడుగు లోతున ఎలా మోగుతుంది, అడుగున్నరలో ఎలా మారుతుంది, ఎక్కడ ఆగిపోతుంది. రెండు సాయంత్రాలు దీనికి పెడితే పుస్తకం మొత్తం చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. చెవికి హెడ్‌ఫోన్ తప్పనిసరి. లోతు శబ్దాలు చీమ నడిచినట్టుంటాయి, బయటి రొదలో వినపడవు.

ఇంట్లో మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపండి, ఇన్వర్టర్ ఆపండి, ఫోన్లు బయట పెట్టండి. పాతబస్తీ గల్లీల్లో కరెంటు తీగలు తలమీదే ఉంటాయి కాబట్టి యంత్రం ఊరికే కిచకిచలాడవచ్చు. అందులో ఫ్రీక్వెన్సీని రవ్వంత జరిపే మీట ఉంటే జరపండి, అప్పటికీ ఆగకపోతే సెన్సిటివిటీ తగ్గించండి. చాలామంది దాన్ని చివరిదాకా పెంచి, ఆ గోలలో అసలు శబ్దాన్ని పోగొట్టుకుంటారు. సగానికి కాస్త పైన మొదలుపెట్టి, నిశ్శబ్దంగా ఉన్నంత మేరకు పెంచుకుంటూ పోండి. తర్వాత లోహం లేని చోట పళ్ళేన్ని నేల మీద నుంచి అడుగు ఎత్తుకు లేపుతూ దించుతూ, శబ్దం మారకుండా ఉండేదాకా గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి. పాత పొయ్యి చోటికి వచ్చేసరికి ఇది మళ్ళీ చేయవలసి ఉంటుంది. ఏళ్ళ తరబడి నిప్పుల సెగ తగిలిన మట్టికి, కాలిన ఇటుకకు అయస్కాంత గుణం పెరుగుతుంది. అక్కడ యంత్రం గొణగడం చూసి చెంబు దొరికిందని సంబరపడకండి. ఇంకో మాట, ఆ గొణుగుడు వల్లే పాత పొయ్యి ఎక్కడ ఉండేదో మీకు తెలిసిపోవచ్చు కూడా.

ఇనుప మంచాలు, బీరువా, గ్యాస్ సిలిండర్ అన్నీ బయట పెట్టండి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తయారు చేసుకుని వెళ్ళాడు. తూటా దొరకలేదు. రోగి పడుకున్న పరుపులోని ఉక్కు స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టాయి. బండల నేల మీకు కలిసొచ్చే సంగతే, రాతిలోంచి యంత్రం చూడగలదు. ఎక్కడైనా ఇనుప చువ్వలతో కాంక్రీటు వేసి ఉంటే మాత్రం దాని కింద ఏమున్నా తెలియదు. నీళ్ళ పైపు ఎటు పోతుందో ముందే గీసి పెట్టుకోండి.

మొదటిసారి డిస్క్రిమినేషన్, అంటే ఇనుము లాంటి వాటి శబ్దాన్ని వినపడనీయకుండా ఆపే అమరిక, ఏదీ పెట్టకుండా, ఆల్ మెటల్‌లో వినండి. ముగ్గుపిండితో నేల మీద రెండడుగుల గళ్ళు గీసుకుని, పళ్ళెం నేలకు రెండు వేళ్ళ ఎత్తున సమాంతరంగా, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడేలా నెమ్మదిగా తిప్పండి. శబ్దం వచ్చిన చోట అడ్డంగానూ నిలువుగానూ తిప్పి గుర్తు పెట్టండి. అక్కడే పళ్ళెం జానెడు పైకెత్తి చూడండి. మేకయితే మాయమవుతుంది, పెద్ద వస్తువైతే ఇంకా వినపడుతుంది. తెర మీద అంకె ఎక్కువ చూపితే ఇత్తడో వెండో కావచ్చు. తుప్పు పట్టిన డబ్బా మూత కూడా అంతే చూపుతుంది కాబట్టి అంకెను నమ్మి ఎవరికీ మాట ఇవ్వకండి. తూటా లాంటిది, గుండు లాంటిది కనబడితే చేయి పెట్టకుండా పోలీసులకు చెప్పండి.

ఇక చట్టం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం (పాత నిజాం ప్రాంతానికి ఇది యథాతథంగా వర్తిస్తుందో లేదో మీ వకీలును అడిగి చూసుకోండి) నేలలో దాచినది దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాన్ని ఖజానాలో జమ చేయాలి, లేదా పూచీ ఇవ్వాలి. తెలియజేయకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, పైగా రావలసిన వాటా కూడా పోతుంది. వందేళ్ళ లోపు ఫలానా మనిషి దాచినదని చెప్పుకునే వారసులకు సివిల్ కోర్టులో హక్కు రుజువు చేసుకునే అవకాశం ఉంది. 1948 మీకు ఆ గడువు లోపలే వస్తుంది. అంటే ప్రభుత్వం పట్టుకుపోతుందన్న మీ భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది, దొంగచాటుగా తీస్తే పోగొట్టుకునేది కూడా ఇదే. దాచిన సొమ్ముకు యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్నవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు. కలెక్టర్ ప్రభుత్వం తరఫున కొనదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. బయటి కూలీనో జేసీబీ డ్రైవరో మొదట కనుగొంటే ఏమవుతుందో ఇప్పుడు ఊహించగలరు. బిల్డర్ ఒప్పందంలో నేలలో దొరికేవాటి గురించి ఒక పేరా రాయించమని మీ వకీలుకు చెప్పండి. కలెక్టర్‌కు ఇచ్చే కాగితం కూడా ఆయన చేతే రాయించండి. సిక్కాల్లో వందేళ్ళు దాటినవి ఉంటే అవి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు.

గోల్కొండ మాటకు నా దగ్గర రెండో దారి లేదు. వద్దు. రక్షిత కట్టడానికి హాని చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. శిక్ష సంగతి పక్కన పెట్టినా, కుతుబ్‌షాహీల నాటి ఒక పైస ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలిస్తేనే అది చరిత్ర చెబుతుంది. పెళ్ళగించి జేబులో వేసుకుంటే రాగి ముక్క. మీ బావమరిదికి ఆసక్తి నిజంగా ఉంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియానికి తీసుకెళ్ళండి. ఆశతో తవ్వడం ప్రభుత్వాలకూ కలిసిరాలేదు. 2013లో ఉత్తరప్రదేశ్‌లోని డౌండియా ఖేడాలో ఒక సాధువు కల మీద వెయ్యి టన్నుల బంగారం కోసం తవ్వారు, బంగారం దొరకలేదు.

మీ చెంబు విలువ కూడా ఒకసారి లెక్కగడదాం. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి దాదాపు 82 శాతం. చెంబులో 200 సిక్కాలు పట్టాయనుకుంటే శుద్ధమైన వెండి 1.8 కిలోలు. ఈ రోజు ధరతో గుణించి, దాన్ని ముగ్గురు అన్నదమ్ములకూ మీ మేనత్తకూ నాలుగు వాటాలు వేసి చూడండి. మేనత్తను ఊరికే కలపలేదు. తాతగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో కూతురికీ కొడుకులతో సమానంగా హక్కుంది. "ఆమెకు ఈ ఇంటితో సంబంధం లేదు" అన్న మీ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బిల్డర్ కాగితాల్లో ఆమె సంతకం ఉందో లేదో వకీలును ఈ వారమే అడగండి. చెంబు కన్నా పెద్ద చిక్కు అక్కడ ఉండవచ్చు.

1948లో ఆమెకు ఏడేళ్ళు ఉంటాయి. మీ నాన్నగారు, బాబాయిలు అప్పటికి పుట్టనే లేదు. ఆ పొయ్యి ఏ గోడ వైపు ఉండేదో, పొగ ఏ కిటికీలోంచి పోయేదో కళ్ళతో చూసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కరే. ఇంకో సంగతి. హాలి సిక్కా 1959 దాకానే చెల్లుబాటయింది, ఏడు హాలి రూపాయలకు ఆరు ఇండియా రూపాయల లెక్కన. పోలీసు చర్య తర్వాత గొడవలు సద్దుమణిగాయి, తాతగారు బతికే ఉన్నారు, చెల్లకుండా పోబోయే డబ్బు నేలలో ఉంది, 1958లో కూతురి పెళ్ళి వచ్చింది. ఆయన చోట మీరుంటే ఏం చేసేవారు? నాయనమ్మ చెప్పినది నిజమే అయి ఉండి, చెంబు మాత్రం అక్కడ లేకపోవచ్చు. పూడ్చిన మాట పిల్లలకు చెప్పి, తీసిన మాట చెప్పకపోవడం ఇళ్ళల్లో జరిగేదే.

అందుకని ఈ ఆదివారం 60 వేలు బ్యాంకులోనే ఉంచి, మీ భార్యను వెంటబెట్టుకుని అల్వాల్ వెళ్ళండి. చెంబు సంగతి ముందే ఎత్తకండి. ఒక తెల్ల కాగితం, పెన్సిలు ఇచ్చి, చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదో గీసి చూపించమనండి. వీధి వాకిలి, బావి, తులసికోట, పొయ్యి. అడుగుల్లో చెప్పలేకపోతే బారల్లో చెప్పమనండి. తర్వాత పెళ్ళి కబుర్లలోకి దించి, ఆ ఖర్చుకు నాన్న ఎక్కడి నుంచి తెచ్చాడని అడగండి. ఆమె చెప్పినది, మీరు చెప్పదలచినది రెండూ కలిపి బాబాయిలిద్దరినీ నాన్నగారినీ ఒకచోట కూర్చోబెట్టండి. వెతుకుదామా వద్దా, వెతికితే ఎవరెవరి ముందు, దొరికితే ఎన్ని వాటాలు, ఇవి ఒక కాగితం మీద నలుగురి సంతకాలతో ఉంటే బండలు పట్టపగలే లేపవచ్చు. అప్పటికీ యంత్రం కావాలనిపిస్తే మళ్ళీ రాయండి. మేనత్త గీసిన కాగితం ఫోటో కూడా పంపితే ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.